కరువు లేని మండలం

చేటలో బియ్యం పోసుకుని మెరికలు ఏరుతున్న మరిడమ్మకి తల ఎత్తకుండానే తెలిసింది, వాళ్లు మళ్లీ వచ్చారని. బడి ప్రహరీగోడ మీద నాలుగైదు తలకాయలు వరసగా లేచాయి. గోడ పొట్టిదే. పిల్లలు అంతకన్నా పొట్టి. చేతులతో గోడంచు పట్టుకుని, కాళ్లతో గోడని తన్నిపెట్టి వేలాడుతున్నారు. పట్టు జారినప్పుడల్లా ఒక తల మాయమై, కాసేపటికి మళ్లీ లేస్తోంది.

"ఒరే, దిగండ్రా! గోడ కూలితే నా పీక మీదకొస్తాది."

తలలన్నీ కిందికి పోయాయి. ఆమె చేట రెండుసార్లు చెరిగిందో లేదో, మళ్లీ లేచాయి.

వేసవి సెలవులు. గొట్లవలస బడిలో గదులకి తాళాలు వేసి ఉన్నాయి గానీ వంటపాకకి లేదు. నిరుడు వానల్లేక పంట పోయిందని ఆ మండలాన్ని ప్రభుత్వం కరువు మండలంగా ప్రకటించింది. కరువు మండలాల్లో సెలవుల్లో కూడా పిల్లలకి మధ్యాహ్నం అన్నం పెట్టాలని ఉత్తర్వు వచ్చింది. అందుకని మే నెల ఎండలో మరిడమ్మ పొద్దున్నే వచ్చి పొయ్యి ముట్టిస్తోంది. తోడుగా వండే ఆవిడ కుటుంబంతో కూలికి విజయవాడ పోయింది. బియ్యం ఏరడం, నీళ్లు మొయ్యడం, కట్టెలు చీల్చడం, అన్నీ ఇప్పుడు మరిడమ్మవే.

గోడ పట్టుకుని వేలాడుతున్న పిల్లలు ఈ ఊరి వాళ్లు కాదు. రైలుగేటు అవతల లేబర్ కాలనీ వాళ్లు. ఉక్కులో కలిపే లోహాన్ని కరిగించే ఫ్యాక్టరీ ఒకటి అక్కడ ఉంది. శివరాత్రి వెళ్లాక దాని కొలుములు ఒక్కొక్కటే ఆరిపోయాయి. బయటి దేశాల సరుకు చవగ్గా దిగుతోందన్నారు. కరెంటు బిల్లు కట్టలేమన్నారు. చివరికి గేటుకి తాళం వేసి కాగితం అంటించారు. ఇక్కడ మడి ఎండి మనిషి పస్తుంటే అక్కడ కొలిమి ఆరి పస్తున్నాడు. కానీ రైలు పట్టాలు దాటితే మండలం వేరు. ఆ మండలంలో వానలు బాగానే పడ్డాయి, చెరువులు నిండాయి. కాబట్టి అక్కడ కరువు లేదు, సెలవుల్లో అన్నమూ లేదు.

ఆ రోజు కూడా గొట్లవలస పిల్లలు పట్టుమని ఇరవై మంది రాలేదు. మిగతావాళ్లు అమ్మానాన్నలతో వలసపోయారు. అయినా జగన్నాధం మాస్టారు హాజరుపట్టీలో అందరినీ వేస్తున్నాడు. వచ్చినంతమందినే వేస్తే ఇక్కడ వంట మానిపించి పక్కూరి బడిలో కలిపేస్తారని ఆయన భయం. పట్టీ ప్రకారం బియ్యం కొలిచి ఇస్తాడు, మరిడమ్మ ఇచ్చినంతా వండుతుంది. పిల్లలు తిని పళ్లేలు కడుక్కుని వెళ్లాక డేగిసా అడుగున సగానికి సగం అన్నం మిగిలే ఉంటుంది.

ఆ మిగిలినదాని కోసం గంగులు టీవీఎస్ బండి మీద వస్తాడు. ఊరి కమిటీలో మనిషి. బండి ముందర ప్లాస్టిక్ డబ్బా పెట్టుకుని వచ్చి, దాన్ని పాక గుమ్మంలో దింపి, వేపచెట్టు నీడలో నిలబడి బీడీ కాల్చుకుంటాడు. మరిడమ్మ అన్నం, సాంబారు కలిపి డబ్బాలోకి వంచుతుంది. ఈమధ్య ఆయన గేదె పాలు పెంచిందట.

డబ్బా నిండుతున్నంతసేపూ గోడ మీద తలలు కదల్లేదు. అరవలేదు, అడగలేదు. గంగులు బండి స్టార్టు చేసి వెళ్లాక ఒక్కొక్కటే దిగిపోయాయి. మరిడమ్మ డేగిసాలో నీళ్లు పోసి కొబ్బరిపీచుతో గట్టిగా రుద్దింది. అడుగంటినదేమీ లేకపోయినా చాలాసేపు రుద్దింది.

మర్నాడు గోడ దగ్గరికి ఎవరూ రాలేదు. గేటు దగ్గరికి ఒకామె వచ్చింది. ముప్పై ఏళ్లుండవు. ఉతికిన చీరే కట్టుకుంది. ఆమె వేలు పట్టుకుని ఆరేడేళ్ల పాప.

"అప్పా, నా పేరు ఈశ్వరి. కాలనీలో ఉంటన్నాం. ఇది నా కూతురు ఉష," అంది.

"ఎవరైతేనేటమ్మా, గోడెక్కే గుంటల్ని ఇటు తోలకండి. ఇది మా బడి పిల్లలకి వచ్చే బియ్యం. నానేటి సెయ్యగల్ను?"

"అన్నం పెట్టమని అడగడానికి రానేదు. గిన్నెలు తోమడానికి, నీల్లు మొయ్యడానికి మనిషి గావాలేమోనని వచ్చినాను."

మరిడమ్మ చేట పక్కన పెట్టింది.

"ఇచ్చుకోడానికి నా దగ్గిర ఏటీ నేదు. నాకే పండక్కోపాలి వస్తాది బిల్లు."

"డబ్బులొద్దు."

పాప పొయ్యి వైపు చూస్తోంది. పప్పు పొంగి మూత పక్కనుంచి నురగ కారుతోంది.

"మీకు కార్డు బియ్యం రావేటి?"

"కార్డు మా అత్త పేరు మీద ముఖలింగంలో ఉన్నాది. ఆళ్లూ తినాల కదా అప్పా. మా ఆయన కొలిమి కాడ పని. ఇప్పుడు బొబ్బిలిలో మూటలు మోస్తానని ఎల్తన్నాడు. దొరికిన్నాడు దొరుకుతాది. కోటర్సుకి కరెంటు తీసేసినారు. నెలాకరికి కాళీ సెయ్యమంటన్నారు."

"మీ మండలం ఆఫీసుకెల్లి అడగలేకపోనారా?"

"అడిగినాం. మీకు వానలు పడ్డాయి కదమ్మా అన్నారు."

ఆ మాట ఈశ్వరి కోపంగా అనలేదు. వాళ్లన్నది అన్నట్టే చెప్పింది. మరిడమ్మ లేచి, పప్పు మీద మూత తీసి, నురగ గరిటెతో పక్కకి తోసింది. తర్వాత పొయ్యి దగ్గర్నుంచే అంది:

"బోరింగు ఎనకాతల ఉన్నాది. రెండు బిందెలు తే. గుంటని ఎండలో నిలబెట్టకు, నీడన కూకోమను."

ఆ మధ్యాహ్నం ఈ ఊరి పిల్లల వరసలో చివర ఉష కూర్చుంది. మరిడమ్మ అన్నం పెడితే చుట్టూ చూసి, అందరూ తినడం మొదలెట్టాక అప్పుడు తింది. మర్నాడు ఉషతోపాటు గోడ మీది తలలన్నీ గేటులోంచి వచ్చాయి. మరిడమ్మ వాళ్లని రమ్మనలేదు, పొమ్మనీ అనలేదు. పళ్లేలు చాలకపోతే బాదంచెట్టు ఆకులు కోయించి కడిగి పరిచింది. ఆ రోజు డేగిసా అడుగు కనబడింది.

జగన్నాధం మాస్టారు రెండు రోజులు చూసీ చూడనట్టు ఊరుకున్నాడు. ఇంకో ఏడాదిలో రిటైరయ్యే మనిషి. గట్టిగా కసురుకోవడం ఆయనకి చాతకాదు. మూడోనాడు మెడ మీది తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ పాక దగ్గరికి వచ్చాడు.

"మరిడమ్మా, పెట్టొద్దని నేను అనను. పారబోసే అన్నమే కదా. కానీ ఎవరైనా పైనుంచి వస్తే? ఈ పిల్లలెవరంటే ఏం చెప్పమంటావు?"

"ఏటి సెప్పాలో మీకే తెలియాల మాస్టారూ. సదువుకున్నోరు."

ఆయన కాలనీ పిల్లల్ని వరండాలో కూర్చోబెట్టి ఒక్కొక్కరికీ ఒక్కో పేరు చెప్పాడు. వలసపోయిన పిల్లల పేర్లు. ఎవరైనా వచ్చి పిలిస్తే ఆ పేరుకే పలకాలన్నాడు. పిల్లలకి అదొక ఆటలా ఉంది. కొత్త పేర్లతో ఒకళ్లనొకళ్లు పిలుచుకుని విరగబడి నవ్వారు.

"నువ్వమ్మా? నువ్వు అరుణశ్రీ."

"నా పేరు ఉష," అంది పాప.

"తెలుసమ్మా. ఇక్కడ మట్టుకు అరుణశ్రీ. ఎవరైనా అడిగితే, ఈ వంట చేసే మామ్మే మా నాయనమ్మ అని చెప్పాలి. తెలిసిందా?"

మరిడమ్మ చేతిలోని వంకాయ కత్తిపీట మీద సగం తెగి ఆగిపోయింది. అరుణశ్రీ ఆమె కొడుకు కూతురు. ఉగాదికి ముందే అమ్మానాన్నలతో విజయవాడ వెళ్లింది. అక్కడ లేచే మేడల దగ్గర ఇసక కుప్పల మీద ఆడుకుంటోందో, తమ్ముణ్ణి ఎత్తుకుని తిరుగుతోందో. దానికి అక్కడ మధ్యాహ్నం ఎవరు పెడుతున్నారో మరిడమ్మకి తెలీదు. ఫోను చేసినప్పుడల్లా తిన్నావా అని అడుగుతుంది. తిన్నానంటుంది అది. తినకపోయినా అంతే అంటుంది.

"అరుణశ్రీ," అని పిలిచి చూశాడు మాస్టారు.

"ఉన్నానండీ," అంది ఉష.

మరిడమ్మ మిగతా వంకాయ కోసి నీళ్లలో వేసింది.

గంగులు డబ్బా వరసగా ఖాళీగా వెళ్లింది. ఒకరోజు సాయంత్రం ఆయన మరిడమ్మ ఇంటికే వచ్చాడు. ఇల్లంటే ప్రభుత్వం మంజూరు చేసిన ఇల్లు. గోడలు తలుపు ఎత్తు దాకా లేచాయి, అక్కడితో బిల్లు ఆగిపోయింది. పైన శ్లాబు లేదు. నీలం టార్పాలిన్ కట్టి, గాలికి లేవకుండా రాళ్లు పెట్టి, దానికిందే ఉంటోంది.

"ఏటి మరిడమ్మా, డబ్బాలోకి గింజ రాలడం నేదు."

"మిగల్నేదు బాబూ."

"మిగల్నేదా, మిగల్సనేదా?"

ఆమె చీర కొంగుతో చెమట తుడుచుకుంది.

"నాకు గేదె సంగతి కాదు," అన్నాడు గంగులు, గోడ మీద చెయ్యేసి, ఇటుక గట్టిగా ఉందో లేదో చూస్తున్నట్టు. "మన కరువు డబ్బుతో పక్క మండలపోల్లని మేపుతన్నారని రేపు ఎవుడో అంటాడు. నాకు మాటొస్తాది. నీ ఇంటి కాయితం కూడా నా కాడికే రావాల, అది తెల్సు కదా? వానాకాలం ముందుకొచ్చింది."

"తెల్సు బాబూ."

"తెలిస్తే సరే."

బండి వెళ్లిపోయాక ఆమె చాలాసేపు గుమ్మంలోనే కూర్చుంది. మర్నాటి నుంచి కాలనీ పిల్లల్ని రావద్దని చెప్పాలనే అనుకుంది. ఆ మాట ఎలా మొదలుపెట్టాలో కూడా అనుకుంది. పొద్దున్న బడికి వెళ్లేసరికి ఈశ్వరి పొయ్యిలో బూడిద ఎత్తి, పాకంతా తుడిచి, నీళ్లు నింపి ఉంచింది. మరిడమ్మ ఎసరు పెట్టింది.

నరసింగరావు వచ్చింది ఆ వారంలోనే. మండల విద్యాశాఖ ఆఫీసులో పని చేసే ఆయన. పిల్లలు అప్పుడే వరసలో కూర్చున్నారు, మరిడమ్మ సగం మందికి వడ్డించింది. ఆయన మోటారుసైకిలు నీడలో పెట్టి, హెల్మెట్ తీసి, తల దువ్వుకుని లోపలికి వచ్చాడు.

నరసింగరావు అరిచే మనిషి కాదు. హాజరుపట్టీ తీసుకుని పేర్లు పిలుచుకుంటూ పోయాడు. ఉన్నానండీ, ఉన్నానండీ అని పిల్లలు పలికారు. కాలనీ పిల్లలు ఈ ఊరి పిల్లల కన్నా గట్టిగా పలికారు. అరుణశ్రీ దగ్గరికి వచ్చేసరికి ఆగాడు.

"అరుణశ్రీ అంటే వంటామె మనవరాలని విన్నాను. ఏదీ?"

ఉష చెయ్యెత్తింది. ఆయన దాన్ని ఒకసారి చూసి, మరిడమ్మ వైపు తిరిగాడు.

"నీ మనవరాలేనా అమ్మా?"

పాకలో పొయ్యి చిటపటమంటోంది. ఈశ్వరి బోరింగు దగ్గర బిందె సగంలో ఆపి నిలబడిపోయింది. మాస్టారు తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకున్నాడు. ఉష చెయ్యి అన్నంలో ఉంది. ముద్ద కలిపింది గానీ నోట్లో పెట్టుకోలేదు. అన్నం ఉంటుందో లేచిపోతుందో ఈ మాట మీదే ఉందని ఆ వయసు పిల్లకి కూడా తెలిసిపోయింది. మరిడమ్మ అది చూసింది. అవునంటే ఒక్క మాట, సరిపోయేది. ఎన్నాళ్లుగానో మోస్తున్న బిందెని దింపినట్టుగా గరిటె డేగిసాలో పెట్టింది.

"తిననీయండి బాబూ. తిన్నాక సెప్తాను."

నరసింగరావు ఆమె మొహం చూశాడు. తర్వాత వరండా మెట్టు మీద కూర్చున్నాడు. పిల్లలందరూ తిన్నారు. మళ్లీ కావాలన్నవాళ్లకి మరిడమ్మ మళ్లీ పెట్టింది, తొందరపడలేదు. పళ్లేలు కడుక్కుని, ఆకులు పారేసి, కాలనీ పిల్లలు గేటు దాటాక వచ్చి ఆయన ముందు నిలబడింది.

"నా మనవరాలు విజయవాడలో ఉన్నాది. ఈ గుంటలు కాలనీ గుంటలు. నానే రానిచ్చినాను. మాస్టార్నేటీ అనకండి."

"నేను రానిచ్చానండీ," అన్నాడు మాస్టారు, చిన్న గొంతుతో.

నరసింగరావు హెల్మెట్ ఒళ్లో పెట్టుకుని దాని పట్టీ ముడులు వేస్తూ విప్పుతూ కూర్చున్నాడు.

"నన్ను చెడ్డవాణ్ణి అనుకోకండి. ఈ డబ్బు కరువు పద్దు కింద వస్తోంది. కరువంటే వాన లెక్క. ఫ్యాక్టరీ మూతపడితే దాన్ని ఏమంటారో మా దగ్గర మాటే లేదు. కంప్లయింటు వచ్చింది, నేను చూశాను. చూశాక రాయకుండా ఎలా ఉంటాను?"

"రాయండి బాబూ," అంది మరిడమ్మ.

ఆయన రాసినదానికి రెండు రోజుల్లో ఫలితం వచ్చింది. గొట్లవలసలో నిజంగా వస్తున్న పిల్లలు తక్కువ. ఇక్కడ వంట ఆపి, చినకొత్తవలస బడిలో కలపాలన్నారు. మాస్టారికి మెమో ఇచ్చారు. పాకకి తాళం పడింది. మిగిలిన బియ్యం బస్తా ఎడ్లబండి మీద వెళ్లిపోయింది.

కాలనీ పిల్లలు రాకుండా పోతే చాలనుకున్న గంగులుకి ఇది మింగుడుపడలేదు. ఆయన మనవడు కూడా ఆ పిల్లల్లోనే తింటున్నాడు. ఊళ్లో ఆడవాళ్లు వీధిలోనే ఆయన్ని కడిగేశారు. రెండు మైళ్లు ఎండలో గుంటల్ని ఎవరు తీసుకెళ్తారని అడిగారు. చివరికి ఆయనే మరిడమ్మ ఇంటికి వచ్చాడు. ఈసారి గోడ మీద చెయ్యి వెయ్యలేదు.

"మరిడమ్మా, నువ్వయితే గుంటల్ని కాసుకుంటావు. నువ్వే తీసుకెల్లు. నీ ఇంటి కాయితం నాను సూస్తాను."

"గుంటల్ని తీసుకెల్తాను బాబూ," అంది ఆమె. ఇంటి సంగతి ఎత్తలేదు. ఎత్తే ఓపిక లేదు.

కాలువ గట్టు వెంబడి దారి. కాలువలో నీళ్లు లేవు, పగుళ్లు దేరిన బురద మీద తెల్లకొంగ ఒకటి ఊరికే నిలబడి ఉంది. మరిడమ్మ తల మీద తడిగుడ్డ వేసుకుని నడుస్తోంది. ముందూ వెనకా గొట్లవలస పిల్లలు. రైలుగేటు దగ్గరికి వచ్చేసరికి పట్టాల పక్కన ఈశ్వరి, ఆమె చుట్టూ కాలనీ పిల్లలు నిలబడి ఉన్నారు. కబురు వాళ్లకీ అందినట్టుంది. మరిడమ్మ వాళ్లని చూసింది. రమ్మనే అధికారం ఆమెకి లేదు, ఇప్పుడు గరిటె కూడా లేదు. కానీ కాళ్లు నెప్పులన్నట్టు మెల్లగా నడిచింది. వెనక అడుగుల చప్పుడు పెరగడం వింది. తిరిగి చూడలేదు.

చినకొత్తవలస బడిలో పద్మకుమారి టీచరు వరండాలో కుర్చీ వేసుకుని ఉంది. పిల్లల్ని చూసి లేచి నిలబడింది.

"గొట్లవలస నుంచి పద్నాలుగు మంది అన్నారు. వీళ్లంతా ఎవరు?"

మరిడమ్మకి దాహంగా ఉంది. ఒకళ్ల పేర్లు ఒకళ్లకి తగిలించే సత్తువ ఇంక లేదు.

"పద్నాలుగు మందే మా ఊరోలు తల్లీ. కడమోలు కాలనీ గుంటలు. పక్క మండలం. ఆళ్ల పేర్లు మీ కాయితంలో ఉండవు."

టీచరు కలం మూత తీసి, మళ్లీ పెట్టేసింది.

"నేను రాయలేనమ్మా."

"రాయొద్దు తల్లీ. కూకోబెట్టండి సాలు."

పద్మకుమారి కాలువ గట్టు వైపు చూసింది, వచ్చిన దారంతా కళ్లతో కొలిచినట్టు. తర్వాత, "ఇవాళ్టికి కూర్చోండి. రేపటి సంగతి నాకు తెలీదు," అని వంటపాకలోకి వెళ్లింది.

అక్కడ వండే లక్ష్మణమ్మ, మరిడమ్మ ఈడుదే. కొత్తగా వచ్చిన వరసలని చూసి పెద్దగా నిట్టూర్చింది.

"అన్నం సద్దుతాను. గుడ్లేటి సేసేది? ఇయాల గుడ్ల రోజు. లెక్కగా ఉడకేసినాను."

తర్వాత తనే గోనెసంచి మూతికి కుట్టిన దారం లాగింది. నీళ్లలో కడిగి, ఒక కొస తన పళ్ల మధ్య పెట్టుకుని, రెండోది చేత్తో లాగి పట్టి, గుడ్డుని మధ్యకి తెగేలా దారం మీద తిప్పింది. సొన చెదరకుండా రెండు ముక్కలైంది.

"నీకొచ్చునా?" అంది.

"వొచ్చు," అంది మరిడమ్మ. గోడకి చేరగిలబడి కూర్చుని, ఇంకో దారం తీసుకుని గుడ్లు కొయ్యడం మొదలుపెట్టింది. ఈశ్వరి సగాలు పళ్లెంలో పేర్చింది.

వడ్డన అయ్యింది. "నాకు సగమేటి?" అని గంగులు మనవడు గొడవ చేశాడు. చినకొత్తవలస పిల్లలు కూడా వాడివైపు చూశారు. "అందరికీ సగమేరా. తిను," అంది మరిడమ్మ. సాయంత్రానికల్లా ఈ సగం గుడ్ల కబురు మూడు ఊళ్లకీ పాకుతుందని, రేపు ఎవరో ఒకరు గేటు దగ్గర నిలబడి అడుగుతారని ఆమెకి తెలుసు. ఆ సంగతి రేపు చూసుకోవాలి.

పద్మకుమారి వరసల మధ్య నడుస్తూ, చేతిలో కాగితం లేకుండా, పిల్లల్ని ఊరికే పలకరిస్తోంది. ఉష దగ్గర వంగింది.

"నీ పేరేంటమ్మా?"

ఉష నోట్లో ముద్ద ఆపింది. టీచర్ని చూసింది. తర్వాత తల తిప్పి, పాక గుమ్మంలో కూర్చున్న మరిడమ్మ వైపు చూసింది.

"ఏ పేరు సెప్పాల నాయినమ్మా?"

పక్కనే పళ్లెం పట్టుకున్న ఈశ్వరి తల దించుకుంది. మరిడమ్మ వేళ్లకి పచ్చసొన అంటుకుని ఉంది. దాన్ని చీర కొంగుకి తుడుచుకుంది.

"నీదే సెప్పు తల్లీ," అంది.